నా ఒక్కడి క్లాసు

మండపేటలో ఒక రైస్‌మిల్లుకు సాఫ్ట్‌వేర్ రాసేది నేనొక్కణ్ణే. కోడ్‌లో ఎంత పెద్ద చిక్కు విప్పినా, చెప్పుకుందామంటే అర్థమయ్యేవాళ్ళు అక్కడ లేరు. కొత్త బిల్లింగ్ ప్రోగ్రామ్ బాగా నడిచిందని ఓనరుగారు సంబరపడి, ఏం కావాలో అడగమన్నారు. హైదరాబాద్‌లో వారం రోజుల ట్రైనింగుకు పంపమన్నాను. పాఠాలు నెట్‌లోనూ దొరుకుతాయి. నాకు కావలసింది టీ తాగుతూ నాలాంటివాళ్ళతో నాలుగు కబుర్లు. ఆ మాట మాత్రం ఆయనతో అనలేదు.

"ఆ గుంపులో మీకు ఇబ్బంది దేనికండీ? అదే కోర్సు ఆన్‌లైన్‌లో కొనేశాను. వారమంతా ఆఫీసు ఏసీ గది మీ ఒక్కరికే" అన్నారు.

చిర్రెత్తుకొచ్చింది. అయినా థాంక్సండీ అన్నాను.

మొదటి రోజే, ఎప్పుడో రికార్డు చేసిన ఆ వీడియోలో మాస్టారు, "ఇప్పుడు మీ పక్కవాళ్ళతో ఐదు నిమిషాలు చర్చించండి" అన్నారు. తెరమీద క్లాసంతా ఒక్కసారిగా మాటల్లో పడింది. నేను వీడియో ముందుకు జరపలేదు. వాళ్ళ గోల వింటూ కూర్చున్నాను.

ఓనరుగారు తలుపు కొంచెం తీసి, "ఎవరూ డిస్టర్బ్ చెయ్యట్లేదు కదండీ?" అని అడిగారు.

"లేదండీ. ఎవరూ లేరు."