తొంభై రెండున్నర మీటర్ల అబద్ధం

పరువు పోవాలంటే బాగా ఎత్తు నుంచి పడాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. నేను ఒక చెక్క మంచె మీద బుద్ధిగా, కదలకుండా, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చునే ఉన్నదంతా పోగొట్టుకున్నాను. జర్మనీలో మా కార్ల్స్‌రూహె ఊరి తెలుగువాళ్ళలో ఆ సాయంత్రం గురించి రకరకాల కథలు తిరుగుతున్నాయి. ఒకదాంట్లో నన్ను అడవిపంది ట్రామ్ స్టాపు దాకా తరిమింది. ఇంకోదాంట్లో నేను ఎవరి ఆవునో కాల్చాను. అసలు జరిగింది ఈ రెండింటికంటే అన్యాయం కాబట్టి, వేరేవాళ్ళు చెప్పేలోపు నేనే చెప్పేస్తాను.

నేను వేటలోకి వచ్చింది పంటి నొప్పి వల్ల.

క్లౌస్ మా పళ్ళ డాక్టరు. అరవై దాటినా చెయ్యి వణకని మనిషి. ఊరి బయట కొండల్లో కొంత అడవిని, కొన్ని పచ్చికబయళ్ళను వేటకోసం కౌలుకి తీసుకున్నాడు. ఒకరోజు నా దవడ పంటిలో డ్రిల్లు పెట్టి, "ఆదివారాలు ఏం చేస్తుంటావు? అడవికి వస్తావా?" అని అడిగాడు. నోట్లో అంత సామాను పెట్టుకున్నవాడు "ఆఁ" అనక ఏమంటాడు?

ఇక్కడ వేటాడాలంటే ముందు పెద్ద పరీక్ష పాసవ్వాలి. చెట్ల ఆకులు, జంతువుల పళ్ళు, కుక్కల జబ్బులు, చట్టాలు, అన్నీ చదవాలి. ఎంసెట్ రాసి బతికి బయటపడ్డవాణ్ణి, నాకు పరీక్షలొక లెక్కా? పాసయ్యాను. ఆకుపచ్చ టోపీ కొన్నాను. ఆఫీసులో కనిపించిన ప్రతివాడికీ జింకకు ఎన్ని పళ్ళుంటాయో చెప్పాను. అయితే పాసైనంత మాత్రాన లైసెన్సు వస్తుంది గానీ అడవి రాదు. కౌలుదారు కాగితం మీద అనుమతి రాసిస్తేనే ఆయన అడవిలో ఒంటరిగా వేటకు దిగాలి.

క్లౌస్ షరతు చెప్పాడు. "అక్టోబరులో ఒక సాయంత్రం నాతో మంచె మీద కూర్చో. తుపాకీ నాది, దూరం చెప్పడం, కాల్చడం నీ పని. వంద మీటర్లు దాటితే నా అడవిలో ఎవరూ కాల్చరు. తప్పు దూరానికి కాలిస్తే జంతువు చావదు, గాయంతో రాత్రంతా నరకం పడుతుంది. ఆ సాయంత్రం బాగా గడిస్తే నీకు అనుమతి రాసిస్తాను."

అంటే నా చదువు, నా టోపీ, ఆఫీసులో నేను కొట్టిన గొప్పలు, అన్నీ ఇప్పుడు ఒక్క సంఖ్య మీద ఆధారపడ్డాయి. దూరం కొలిచే లేజర్ పరికరం కొనక తప్పదు.

ఆ మాట ఇంట్లో అనగానే మా ఆవిడ సౌజన్య గరిటె పక్కన పెట్టింది. ఆమె గరిటె పక్కన పెట్టిందంటే వంట అయినట్టు కాదు, నా పని అయినట్టు.

"ఇంక ఒక్క సామాను గూడ కొననియ్య. పరీక్షకు కట్టినం. బూట్లు కొన్నం. ఆ టోపీ కొన్నం. పంది ఇంటికొచ్చి నమస్తే పెడ్తదా?"

"ఇదొక్కటే. చిన్నది. జేబులో పడుతది."

"జేబులకు ఏది పడుతదో నాకెరుక లేదు, జేబులకెంచి ఎంత పోతదో జెప్పు."

చివరికి రాజీ కుదిరింది. మా పాప వెళ్ళే కిటా, అంటే ఇక్కడి బాలవాడి, నెల ఫీజు దాటకూడదు. అంతలోపల ఏం కొనుక్కున్నా ఆమె అడగదు.

ఆ బడ్జెట్‌తో బజారులోకి దిగితే నా పరిస్థితి పెళ్ళివిందులో చివరి పంక్తిలో కూర్చున్నవాడిలా ఉంది. మంచివన్నీ ముందే అయిపోయాయి. హైడెల్‌బర్గ్‌లో ఉండే కాకినాడ ప్రసాద్‌కి ఫోన్ చేశాను. ఏ వస్తువు గురించైనా అభిప్రాయం ఉన్న మనిషి. వస్తువు ఉండాల్సిన అవసరం కూడా లేదు.

"ఒరేయ్ మురళీ, వేటది కొంటే బుర్రలేనట్టేరా. గోల్ఫ్ ఆడేవాళ్ళది కొను. సగం ధర. లోపల చిప్పు ఒకటే, పైన రంగు తేడా."

"కాదురా, గోల్ఫ్‌ది ముందు తగిలినదాన్నే కొలుస్తుందట. అడవిలో అయితే పంది దూరం చెప్పదు, ముందున్న కొమ్మ దూరం చెబుతుంది."

"అయితే కొమ్మని కాల్చు. సౌజన్య గారికి వండటం కూడా తేలికే."

ఇక్కడ నన్ను నేను కొంచెం మెచ్చుకోవాలి, తర్వాత అవకాశం రాదు. పరికరం ఎంచుకోవడంలో నేను ఒక్క తప్పు కూడా చేయలేదు. డబ్బా మీద వెయ్యి మీటర్లని రాసి ఉంటే, అది తెల్లగోడకు పెట్టిన లెక్క అనీ, బురదలో పొర్లిన పందికి అందులో చాలా తగ్గించుకోవాలనీ తెలుసుకున్నాను. నల్ల అంకెలు చూపేవి సాయంత్రం చీకట్లో కనపడవని తెలిసి, ఎర్రగా వెలిగే అంకెలున్నదాన్నే వెతికాను. చిట్టచివరికి, కంటిచూపు తగ్గి వేట మానేసిన ఒక పెద్దాయన దగ్గర వాడిన పరికరం ఒకటి దొరికింది. కిటా ఫీజుకు లోపలే! పైన పెద్ద అద్దం, దాంట్లోంచి మనం చూడాలి. కింద బఠానీ గింజంత చిన్న అద్దం, దాంట్లోంచి లేజర్ వెళుతుంది. నల్ల రబ్బరు ఒళ్ళు. బంగారం.

ఆ వారమంతా బాల్కనీలోంచి లోకాన్ని కొలిచాను. ఎదురింటి పొగగొట్టం, ట్రామ్ స్టాపు, చెత్తడబ్బాలు, అన్నీ అంకెలైపోయాయి. ఒక్కటి కూడా తప్పు చూపలేదు.

క్లౌస్ ఇచ్చిన టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, సరిగ్గా ఆయుధపూజ రోజున పడింది. దీన్ని నేను దైవసంకల్పం అనుకున్నాను. దైవానికి ఆ సాయంత్రం వేరే సంకల్పం ఉందని నాకేం తెలుసు?

మా ఇంట్లో ఆయుధాలంటే రెండు ల్యాప్‌టాప్‌లు, మిక్సీ, కారు తాళాలు, పాప సైకిలు. వాటి పక్కన నా పరికరాన్ని రాజులా కూర్చోబెట్టాను. సౌజన్య అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టుకుంటూ వస్తోంది.

"దీనికి నేను పెడతా," అన్నాను. అసలు ఆయుధం అదొక్కటే కదా.

నల్ల రబ్బరు మీద గంధం నిలవలేదు, జారిపోయింది. పై అద్దం మీద పెడదామంటే నేను చూసేది అందులోంచే. నేను ఇంజనీరుని, అంత తెలివితక్కువ పని చేస్తానా? కింద నున్నగా, గుండ్రంగా, నుదురు చాపినట్టు చిన్న అద్దం కనిపించింది. దాని మీద చిక్కటి గంధం, గంధం మీద కుంకుమ, ముచ్చటగా దిద్దాను.

మా పాప తెలుగులో అడిగితే జర్మన్‌లో మాట్లాడే రకం. పరికరం వైపు వేలు చూపించి, "వారుమ్?" అంది. ఎందుకు అని.

"బొట్టు పెడితే బాగా పనిచేస్తది బిడ్డా."

సౌజన్య మాత్రం, "పొయ్యేముందు తుడుసుకోని పోండ్రి, అద్దం గద," అంది.

"పూజ చేసినదాన్ని అదే రోజు తుడుస్తరా? దోషం," అన్నాను. మూత పెట్టాను. మెడలో వేసుకున్నాను. మీకు ఇప్పటికే అంతా అర్థమై ఉంటుంది. అర్థం కానివాడు ఒక్కడే, వాడు ఆకుపచ్చ టోపీ పెట్టుకుని కారెక్కాడు.

బీచ్ అనే జాతి చెట్ల అడవి అంచున మంచె. ముందు పచ్చికబయలు మధ్యలో కాస్త పల్లంగా దిగి, అవతల మళ్ళీ పైకి లేస్తుంది. క్లౌస్ పక్కన కూర్చున్నాను. వేటగాళ్ళు ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకోవాలట. పళ్ళ డాక్టరుని నువ్వు అనడానికి నాకు నోరు రాక, ప్రతి వాక్యం చివరా మనసులో ఒక "గారు" తగిలించుకుంటున్నాను.

"వెలుతురు ఉండగానే దూరాలు తెలుసుకుందాం," అని గుసగుసగా అన్నాడు క్లౌస్. "ఆ ఒంటరి చెట్టు?"

మూత తీసి, కంటికి పెట్టి, బొత్తాం నొక్కాను. చెట్టు చక్కగా కనిపించింది. అంకెల చోట ఎర్రటి గీతలు వచ్చాయి. మళ్ళీ నొక్కాను. గీతలే. ఇంకోసారి గట్టిగా నొక్కాను, గట్టిగా నొక్కితే దూరం బయటికి వస్తుందన్నట్టు.

అప్పుడు "పనిచేయడం లేదు" అని రెండు ముక్కలు అంటే అయిపోయేది. ఆయన దగ్గర సొంత పరికరం ఉంది. కానీ వారం రోజులుగా ఆయనకు ఫోన్ చేసి నా పరికరం గొప్పలు చెప్పింది నేను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"డెబ్భై."

ఎలా వచ్చిందీ డెబ్భై? చిన్నప్పుడు హనుమకొండలో ఆడిన క్రికెట్ పిచ్‌లు ఆ గడ్డి మీద మనసులోనే వరసగా పరిచాను. ఒక్కోటి ఇరవై మీటర్లు, మూడున్నర పట్టాయి. క్లౌస్ తల ఊపాడు. తగిలింది! నాలో ఒక దయ్యం లేచి కూర్చుంది.

"పశువుల కోసం ఉప్పు గడ్డ పెట్టిన ఆ గుంజ?"

"తొంభై రెండున్నర."

క్లౌస్ కనుబొమ్మ లేచింది. "అర మీటరు కూడా చూపిస్తుందా?"

"పాతదే గానీ, మంచి మోడల్," అన్నాను.

ఆ అర దేనికి వేశానో ఈ రోజుకీ నాకు తెలియదు. అబద్ధానికి చొక్కా తొడిగితే సరిపోదా, టై కూడా కట్టాలా?

ఇంకాసేపటికి, వెలుతురు పలచబడుతుండగా, అవతలి అంచున పొదలు కదిలాయి. ఒక అడవిపంది బయటికి వచ్చింది. ఏడాది వయసుది, ఒంటరిది. నేల తవ్వుకుంటూ, పక్కకి తిరిగి, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడింది. క్లౌస్ తుపాకీని మెల్లగా నా చేతుల్లోకి జరిపాడు.

"దూరం?"

గీతలు. ఎర్రటి, నిర్దయ గీతలు. పిచ్‌లు పరిచాను. అయితే మధ్యలో పల్లం ఉంది కదా, పల్లంలోకి దిగిన పిచ్‌లు నాకు కనపడలేదు.

"ఎనభై నాలుగు."

"తీసుకో," అన్నాడు.

తుపాకీని మంచె అంచు మీద ఆనించాను. గుండె చప్పుడు పందికి వినిపిస్తుందేమో అనిపించింది. వేలు ఇంకా ట్రిగ్గరుకు దూరంగానే ఉంది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆ వేలు కదలలేదు. కదలకపోవడానికి కారణం ధర్మం కాదు, భయం. ఆలోపు క్లౌస్ చెయ్యి తుపాకీ గొట్టం మీద బరువుగా పడింది. రెండో చేత్తో తన పరికరం కంటికి పెట్టుకుని ఉన్నాడు.

"నూట నలభై," అన్నాడు.

పంది తవ్వుకోవడం ముగించి, మా సమస్య తనకు సంబంధం లేనట్టు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

"నీది ఇలా ఇవ్వు."

ఇచ్చాను. తిప్పి చూశాడు. నలభై ఏళ్ళు నోళ్ళలోకి చూసిన కళ్ళకు లోపం దొరకడానికి ఎంతసేపు?

"ఇదేమిటి, రక్తమా?"

"కుంకుమ. ఇవాళ మా పండగ. పనిముట్లకు పూజ చేస్తాం. దండం పెట్టి బొట్టు పెడతాం."

ఆయనకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. "మంచి పండగే. నా డ్రిల్లు ఇన్నేళ్ళుగా పనిచేస్తోంది, ఒక్కసారి కూడా నేను దానికి థాంక్స్ చెప్పలేదు." తర్వాత అద్దాన్ని రుమాలుతో తుడుస్తూ అడిగాడు. "ఇది పనిచేయడం లేదని నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి నుంచీ."

"మరి డెబ్భై?"

"క్రికెట్."

"క్రికెట్టా?"

చీకటి పడుతున్న జర్మనీ అడవిలో, మంచె మీద కూర్చుని, ఒక పళ్ళ డాక్టరుకి క్రికెట్ పిచ్ పొడవు ఎంతో, దాన్ని మనసులో ఎలా పరుచుకోవాలో వివరించాను. చాలా శ్రద్ధగా విన్నాడు.

"తొంభై రెండున్నర?"

"అది... అర మాత్రం క్రికెట్ కాదు. అది నాదే."

తుపాకీలోంచి తూటాలు తీసేశాడు. మెట్లు దిగేటప్పుడు అన్నాడు. "దూరం ఎవరైనా తప్పుగా అంచనా వేస్తారు. నేనూ వేశాను. కానీ చూడని అంకెని చూశానని చెప్పేవాడికి నేను తుపాకీ ఇవ్వలేను, మురళీ. అనుమతి ఇప్పుడు కాదు. చలికాలంలో జంతువుల్ని అదిలించడానికి మనుషులు కావాలి. తుపాకీ ఉండదు. రావాలనుకుంటే రా."

ఇంటికెళ్ళాక సౌజన్య తలుపు తీసింది. "కాయిదం ఇచ్చిండా?"

"ఇయ్యలే."

"పంది?"

"వచ్చింది. పోయింది."

అంతా చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను. "తుడువుమన్ననా లేదా?" అంది. కంచం తీస్తూ, "తుడువకపోతే పోయింది. ఆ పెద్దమనిషికి అబద్ధమెందుకు జెప్పిండ్రు?" అంది. అన్నం పెట్టింది గానీ, ఆ రాత్రి పప్పులో ఉప్పు నాకు తెలియలేదు. ఎనభై నాలుగు అని నేను నమ్మకంగా చెప్పిన అంకె, ఆ పంది కడుపులో గాయమై తిరుగుతున్నట్టు అనిపించింది. తగల్లేదు, నిజమే. తగలకుండా ఆపింది నేను కాదు.

చలికాలమంతా నారింజరంగు జాకెట్టు వేసుకుని పొదల్లో పడి అరిచాను. అరవడంలో నాకు తిరుగులేదని అక్కడే తేలింది. హనుమకొండ బస్టాండులో సీటుకి రుమాలు వేసి అరిచిన గొంతు కదా. జర్మన్లు "హో, హో" అని మర్యాదగా అంటుంటే, నేను "ఏయ్, లేవుండ్రి, నడువుండ్రి!" అనేవాణ్ణి. పందులు తెలుగు నేర్చినట్టే లేచి నడిచేవి.

చలికాలం పోతుండగా ఒక పొద్దున్న క్లౌస్ మళ్ళీ మంచె ఎక్కించాడు. పచ్చికబయలు నిండా పాలు ఒలికినట్టు పొగమంచు. దాంట్లో ఎక్కడో ఒక నల్లటి ఆకారం. పందో, మొద్దో.

"దూరం?"

అద్దాలు తళతళలాడుతున్నాయి. బొత్తాం నొక్కాను. పొగమంచులో లేజర్ వెళ్ళలేక గీతలు వచ్చాయి. పిచ్‌లు పరవబోయాను. చుట్టేసి పక్కన పెట్టాను.

"తెలియదు, క్లౌస్," అన్నాను. మొదటిసారి మనసులో గారు రాలేదు.

"నాకూ తెలియదు," అని జేబులోంచి మడిచిన కాగితం తీసి నా మోకాలి మీద పెట్టాడు. "ఇప్పటికి నువ్వు నాకు చెప్పిన దూరాల్లో ఇదే సరైనది."

ఆ కాగితం సాక్షిగా, నా ఆకుపచ్చ టోపీ గుండెలకు హత్తుకుని, పాఠకులందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. నా కళ్ళతో చూడని అంకెను ఈ జన్మలో ఎవరికీ చెప్పను. అడవిలో చెప్పను, ఆఫీసులో చెప్పను. సౌజన్య ఫోన్ చేసి "ఎక్కడిదాక వచ్చిండ్రు?" అని అడిగినప్పుడు నేను ఇంకా ఆఫీసు మెట్ల మీదే ఉండి "అయిదు నిమిషాల్లో ఉంటా" అంటానే, అది మాత్రం దీని కిందికి రాదు. అది దూరం కాదు కదా, కాలం.