పెద్దమ్మకి చదివి వినిపించిన రాయి

మా పెద్దమ్మకి చదువు రాదు. ఆ ఒక్క ముక్క అడ్డం పెట్టుకుని పదహారేళ్ళు ఆవిడ ముందు మంచిదానిలా తిరిగాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. చెప్పకుండా ఉండటం ఇంకా సిగ్గుగా ఉంది కాబట్టి చెబుతున్నాను.

అమ్మా పెద్దమ్మా గుంటూరు వైపు వాళ్ళు. చిన్నది కదా అని అమ్మని నర్సు చదువుకి పంపారు, పెద్దది కదా అని పెద్దమ్మని మిరప చేలోకి పంపారు. అమ్మకి రాయ్‌పూర్‌లో ఉద్యోగం వచ్చింది. పెద్దమ్మకి రైల్వే గ్యాంగులో పనిచేసే మొగుడొచ్చాడు. అలా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఈ హిందీ ఊళ్ళో చేరారు. పెదనాన్న తొందరగానే పోయాడు. పెద్దమ్మకి మిగిలింది ఒక్క కొడుకు. నాకు అన్నయ్య.

రాయ్‌పూర్ రాజధాని అయిన కొత్తలో అన్నయ్య ఉర్లాలో ఒక ఇనుప షెడ్డులో వెల్డింగు పనికి వెళ్ళేవాడు. ఎక్కువగా నైట్ డ్యూటీ. పగలంతా పడుకునేవాడు. ఆ పడుకున్నంతసేపూ పెద్దమ్మ గడప మీద కాపలా కూర్చునేది. కూరగాయల బండివాడు అరిస్తే చాలు, "ధీరే భయ్యా, మా లడ్కా సోతాడు!" అని తనకొచ్చిన హిందీలో కసిరేది. మేం నవ్వితే మా మీద పడేది. "నిద్రపోతన్నాడే, గోల చెయ్యమాకండి. డూటీకి ఆడే లేస్తాడు."

అన్నయ్య ప్రతి ఆదివారం చర్చికి వచ్చేవాడు. కుర్చీలు వేసేది అతనే, మైకు సరిచేసేది అతనే. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. మా సంఘంలో పెద్దయ్యాక, నోటితో ఒప్పుకుని, నీళ్ళలో మునగాలి. ఏడాదికోసారి బస్సు మాట్లాడుకుని, పూరీలూ ఆలూకూరా కట్టుకుని, ఆరంగ్ దాటి మహానదికి పోయేవాళ్ళం. అన్నయ్య ప్రతిసారీ వచ్చేవాడు. మునిగి లేచినవాళ్ళకి తువ్వాళ్ళు అందిస్తూ ఒడ్డున నిలబడేవాడు.

"ఇంకెప్పుడు అన్నయ్యా? ముసలాడివయ్యాకా?" అని ఓసారి ఆటపట్టించాను.

చొక్కా జేబు తట్టి చూపించాడు. అందులో ఖైనీ పొట్లం. "ఇది మానాలి ముందు. దీన్ని జేబులో పెట్టుకుని మానేశానని ఒప్పుకుంటే ఆయన్ని మోసం చేసినట్టు కాదేంటే? వచ్చే ఏడాదికి పక్కా."

వచ్చే ఏడాది రాలేదు. ఒకరోజు పొద్దున డ్యూటీ దిగి వస్తుంటే లారీ గుద్దింది. ఇరవై ఆరేళ్ళు.

పాస్టరుగారు సమాధి కార్యక్రమం చక్కగానే జరిపించారు. ఆయన ఒక్క కఠినమైన మాట అనలేదు. అలాంటి పని చెయ్యడానికి నేనున్నానుగా.

అప్పటికి నాకు ఇరవై నిండలేదు. సండే స్కూలు టీచర్ని. బైబిలు పరీక్షలో వరసగా మూడేళ్ళు ఫస్టు ప్రైజు. చచ్చాక ఎవరి ఆత్మ ఎక్కడికి పోతుందో చార్టు మీద రంగు పెన్సిళ్ళతో గీసి పిల్లలకి చెప్పేదాన్ని. విశ్వాసి శరీరం మట్టిలో నిద్రపోతుంది, ఆత్మ అదే రోజు పరదైసుకి చేరుతుంది, కడబూర మోగినప్పుడు రెండూ కలిసి లేస్తాయి. ఆ గీతకి పచ్చరంగు. మిగిలినవాళ్ళ గీత కిందికి పోతుంది, దానికి ఎరుపు. పచ్చగీత మొదలయ్యే చోట బాప్తిస్మం అని పెద్దక్షరాలతో రాశాను. యేసు పక్కన సిలువ మీద వేలాడి, ఆ రోజే పరదైసుకి పోయిన దొంగ ఏ నదిలో మునిగాడని ఒక్క పిల్లాడూ అడగలేదు. నాకూ తట్టలేదు. మిడిమిడి జ్ఞానం అంటే అదే కదా.

పెద్దమ్మ కొడుకు సమాధికి రాయి పెట్టించాలనుకుంది. "అందరికీ రాస్తారే, ప్రభువునందు నిద్రించెను అని, ఆ మాట రాయించు అమ్మాయ్. మా వోడు నిద్రలో ఉన్నాడని తెలవాలి జనానికి," అంది. ఆవిడకి అది సమాధుల మీద రాసే మర్యాద మాట కాదు. ఇన్నేళ్ళూ గడప మీద కూర్చుని చెప్పిన మాటే. లేపేవాడు లేపేదాకా పడుకుంటాడు, అంతే.

రాళ్ళు చెక్కేది ఛత్తీస్‌గఢ్ మనిషి. తెలుగు రాదు. "లిఖ్ కే దే దే నోనీ," అన్నాడు, కాగితం మీద రాసివ్వు పాపా, చూసి దించేస్తానని. మా ఇంట్లో మా తరం పిల్లల్లో తెలుగు రాయడం వచ్చింది నాకొక్కదానికే. దేవేంద్ర నగర్‌లో మా అద్దె ఇంటి వరండాలో కూర్చుని అన్నయ్య పేరు రాశాను. కింద పుట్టిన తేదీ, దాని కింద పోయిన తేదీ. నాలుగో వరస దగ్గర పెన్ను ఆగింది. బాప్తిస్మం లేనివాడు ప్రభువునందు ఎలా నిద్రిస్తాడు? దేవుడి స్థలంలో, రాయి మీద, అబద్ధం రాయొచ్చా? ఎంతసేపు ఆలోచించానని! చివరికి ఆ వరస రాయకుండానే కాగితం మడిచి ఇచ్చేశాను. పైగా సత్యం కోసం నిలబడ్డానని లోలోపల గర్వం కూడా. ఆ పిల్లని ఇప్పుడు పట్టుకుని రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది.

రాయి పాతించాక పెద్దమ్మ నన్ను తీసుకెళ్ళి దాని ముందు నిలబెట్టింది. "చదువు," అంది. పేరు చదివాను. తేదీలు చదివాను. ఆవిడ ఇంకా నా మొహంలోకే చూస్తోంది.

"ప్రభువునందు నిద్రించెను," అని చదివేశాను.

రాయి మీద అబద్ధం రాయనన్న మహాతల్లిని, నోటితో అలవోకగా ఆడేశాను. "ఏదీ, ఆ మాట ఎక్కడుంది?" అంటే ఆవిడ వేలు పట్టుకుని పోయిన తేదీ మీద పెట్టాను. ఆ అంకెల మీదే నెమ్మదిగా చెయ్యి రాసింది. "పడుకో నాయనా," అంది.

అమ్మ ఆ వారమే రాయి చూసింది. ఇంటికొచ్చి నన్ను వంటింట్లోకి లాగింది. "పరలోకం తాళాలు నీకెవరిచ్చారే?" అని ఒక్కటిచ్చింది. తర్వాత గొంతు తగ్గించి, "అక్కకి మాత్రం చెప్పకు, తట్టుకోలేదు. మెల్లిగా సరి చేయిద్దాం," అంది. మెల్లిగా అన్న పని మెల్లిగానే మూలపడింది. ఈస్టరు పొద్దున సమాధులకి సున్నం వేసి కొవ్వొత్తులు పెట్టేటప్పుడు పెద్దమ్మ ప్రతి ఏడూ చదవమనేది. నేను లేకపోతే అమ్మ చదివేది, లేని వరసతో సహా. తర్వాత అమ్మ కూడా పోయింది. ఆ అబద్ధానికి నేనొక్కదాన్నే మిగిలాను.

నేనూ నర్సునే అయ్యాను. వార్డులో ఎంతమంది చేతులు పట్టుకుని కూర్చున్నానో. మునిగినవాళ్ళూ, మునగనివాళ్ళూ, అసలు ఆ ఊసే ఎరగనివాళ్ళూ. ఆఖరి ఊపిరి దగ్గర ఎవరిది పచ్చగీతో ఎవరిది ఎర్రగీతో నాకెప్పుడూ కనపడలేదు. మోసం చెయ్యలేనని ఒడ్డున నిలబడ్డవాణ్ణి దేవుడు బయట నిలబెడతాడంటే ఇప్పుడు నేను నమ్మను. మరి నమ్మకం మారాక రాయి ఎందుకు మార్చలేదు? మార్చాలంటే పెద్దమ్మ ముందు నోరు విప్పాలి, లేకపోతే దొంగచాటుగా చెయ్యాలి. రెండింటికీ భయమే. ఇంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు.

పెద్దమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. నా ఇంట్లోనే పెట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, నా రాయి మీద కూడా మా వోడికి రాసిందే రాయి. ఒక్క మాట తగ్గకూడదు, ఒక్క మాట పెరక్కూడదు. ఇద్దరం ఒకే మాట మీద పడుకోవాల. లేపినప్పుడు ఇద్దర్నీ కలిపి లేపుతాడు."

ఎలా తప్పించుకోను? ఆవిడ అడిగినట్టే చేస్తే ఆవిడకీ ఆ మాట ఉండదు. ఆవిడకి రాయిస్తే తల్లొక చోట కొడుకొక చోట. గిన్నె కింద పెట్టి మొత్తం చెప్పేశాను. చార్టూ, కాగితం, అమ్మ కొట్టిన దెబ్బ, అన్నీ.

పెద్దమ్మ తన వేళ్ళు ఒకదానితో ఒకటి రాసుకుంది. "అయితే నేను తడిమిందేందే ఇన్నాళ్ళూ?"

"పోయిన తేదీ పెద్దమ్మా."

"ఆడు ప్రభువు దగ్గర లేడనుకున్నావా నువ్వు?"

"అప్పుడు అనుకున్నా."

"అనుకుని కూడా నా ఇంటికొచ్చి నా చేతి కూడు ఎట్టా తిన్నావే?"

కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకుంది. కాసేపటికి, "ఏడుపు దేనికి? పోయి రాయించు. నేనుండగానే," అంది.

రాళ్ళు చెక్కే ముసలాయన్ని కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే రెండు రోజుల్లో చేసిపెట్టాడు. పక్కనే నిలబడి ఒక్కో అక్షరం సరిచూసుకున్నాను. తేదీ కింద కొంచెం ఇరుగ్గానే పట్టింది, కానీ పట్టింది. ఫోన్లో ఫోటో తీసుకుని ఆటోలో పరిగెత్తుకొచ్చాను. ఏదో గెలిచినట్టుంది నాకు, నా బతుక్కి!

ఫోటో పెద్దది చేసి ఆవిడ కళ్ళ ముందు పెట్టాను. అక్షరాలు రాని కళ్ళు, ఇప్పుడు పొర కూడా కమ్మిన కళ్ళు. "చదువు," అంది. పేరు చదివాను, తేదీలు చదివాను, కొత్త వరస మీద వేలు పెట్టి, "ప్రభువునందు నిద్రించెను," అని చదివాను.

పెద్దమ్మ నా మొహంలోకి చూసింది.

"అప్పుడూ ఇట్టాగే చదివావుగా అమ్మాయ్," అంది.

కోపంగా అనలేదు. నిజంగా తేల్చుకోలేక అంది. ఈసారి నిజం పెద్దమ్మా, ఒట్టు, అన్నాను. మా పిల్లల్ని పిలిస్తే వాళ్ళకి తెలుగు చదవడం రాదు. సంఘంలో ఒకావిడకి ఫోన్ చేసి, వచ్చి చదివి పెట్టమని బతిమాలాను. మర్నాడు సాయంత్రం ఆవిడ వచ్చి పెద్దమ్మ చెవి దగ్గర గట్టిగా మూడుసార్లు చదివింది. అప్పటికే పెద్దమ్మకి తెలివి తప్పింది.