మా మామ బండి సీటు

జనగామలో మోటార్ సైకిళ్లకు సీట్లు కుట్టేవాళ్లలో నా అంత పొగరుబోతు ఇంకొకడు లేడని నా భార్య అంటుంది. నిజమే. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో అందరికీ ఒక ఏడాది చదువు పోతే, నాకు మొత్తానికే పోయింది. దానికి నేను పెద్దగా ఏడ్చిందీ లేదు. ఒక సీట్ల దుకాణంలో పనికి చేరి, మూడేళ్లకు సొంత దుకాణం పెట్టుకున్నాను. నేను కుట్టిన సీటుకు వంక పెట్టినవాడికి నా దగ్గర ఒక మందు ఉండేది. "సాయంత్రం రా అన్నా, విప్పి చూస్త" అనేవాణ్ని. విప్పేది లేదు, చూసేది లేదు. పైపైన నూనె గుడ్డతో తుడిచి ఇచ్చేవాణ్ని. "ఇప్పుడు కుదిరింది చూడు" అని మురిసిపోతూ వెళ్లేవాళ్లు.

పిల్లనిచ్చిన మా మామది బచ్చన్నపేట. పత్తి చేను, చెరువు కింద పొలం, ఊళ్లో పెద్దరికం అన్నీ ఉన్నా, ఆయనకు ముద్దు మాత్రం మిలిటరీ వేలంలో కొన్న పాత ఇంగ్లండు బండి మీదే. ఒక్కరే కూర్చునే సీటు, దాని కింద రెండు లావు స్ప్రింగులు. తోలు చివికిపోయి లోపలి పీచు బయటపడితే, పాత రూపం చెడకుండా బాగుచేయమని నాకు అప్పగించాడు.

అప్పుడు నా భార్య కాన్పుకని పుట్టింట్లోనే ఉంది. పాపకు ఐదో నెల నడుస్తోంది. అది దాటితే సరి నెల, బాలింతను అత్తింటికి పంపరు. ఏడో నెల దాకా నేను బిడ్డ మొహం చూడ్డానికి బస్సు ఎక్కుతూ దిగుతూ ఉండాలి. అందుకే మామను మెప్పించాలని ఆ సీటును ప్రాణం పెట్టి చేశాను. స్ప్రింగులు కమ్మరి దగ్గర సరిచేయించి, రేకు మీద కొబ్బరి పీచు కూరి, మందపాటి తోలును తడిపి, లాగి కుట్టాను. కుడుతుంటే దబ్బనం విరిగింది. ఇంకొకటి తీసుకుని పని ముగించాను.

నాలుగు రోజులకు మామ దుకాణం ముందు బండి ఆపాడు.

"అల్లుడా, ఎడమ పక్క పొడుస్తున్నది."

"పొడిచేటందుకు అండ్ల ఏమున్నది మామా? కొత్త తోలు. జర అలవాటు కావాలె."

"బిడ్డను బస్సెక్కిచ్చి, ఎనక నేను బండి మీద వచ్చి దింపాలె గదా. గీ సీటు మీద గంత దూరం నాతోని కాదు. ముందుగాల దీన్ని కుదరనియ్యి."

నాకు విషయం అర్థమైపోయింది. మనవరాలిని వదల్లేక నెల గడిపేసే ఎత్తు ఇది! నా మందు వేశాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే ఎడమ పక్క. నూనె గుడ్డకు లొంగని మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను. ఇక అనుమానమే లేదు, ఇది దొంగ నొప్పి.

మూడోసారి వచ్చినప్పుడు నాకు తిక్క రేగింది. బోల్టులు విప్పి సీటును అటక మీద పడేశాను.

"నీ బిడ్డను తోలియ్యి మామా, సీటు తీస్కపో."

దుకాణంలో ఉన్నవాళ్లు నోళ్లు తెరిచారు. మామ రోడ్డు దాటాడు. ఎదుటి కొట్లో గోనె సంచి ఒకటి అడిగి తెచ్చి, మడిచి, బండికి తాడుతో కట్టాడు. ఎక్కి కూర్చున్నాడు.

"గిదే మంచిగున్నది. యాడ పొడుస్తలేదు" అని కిక్కు కొట్టి పోయాడు. అందరూ నన్ను చూసి పడీపడీ నవ్వారు.

నెల ఇంకా మూడు రోజులుందనగా నా భార్య పాపను ఎత్తుకుని బస్సు దిగింది. వెనకాలే గోనె సంచి మీద, ఒళ్లంతా దుమ్ముతో మామ. ఘనకార్యం చేసినవాడిలా సీటు తీసి ఇచ్చాను. మామను ఎలా వంచానో చాన్నాళ్లు కథలుగా చెప్పుకున్నాను.

వారం తిరిగిందో లేదో, "అల్లుడా, ఎడమ పక్క" అంటూ మళ్లీ వచ్చాడు. ఈసారి నాకు నవ్వొచ్చింది. పెద్దమనిషి పనేమీ లేకుండా బిడ్డ ఇంటికి ఊరికే ఎలా వస్తాడు?

"పొద్దంత పడ్తది మామా. ఇంటికి పోయి కూసో" అన్నాను.

పోయి పాపను ఆడించి సాయంత్రం వచ్చాడు. అలా వారం వారం, ఎనిమిదేళ్లు. నేను నూనెతో తుడిచి ఇవ్వడం, ఆయన ఎక్కి కుడివైపుకు ఒరిగి కూర్చుని "ఇప్పుడు జర నయం" అనడం. ఆ ఒరగడం దొర పోకడ అనుకుని, స్నేహితుల ముందు అలాగే కూర్చుని చూపించి నవ్వించేవాణ్ని.

మామ పోయాక బండి మా ఇంటికి వచ్చింది. తోలు పగిలిందని సీటు విప్పాను. కుట్టిన తర్వాత తోలు విప్పడం అదే మొదటిసారి. ఎడమ పక్క పీచులో, మొన పైకి పెట్టుకుని, విరిగిన దబ్బనం ముక్క!

నా భార్య దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. "మా బాపు అబద్ధమాడడని అప్పుడే చెప్పిన" అంది.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఎనిమిదేళ్లు ఆయన్ని ఆటపట్టిస్తున్నాననుకున్నాను. నేను విప్పలేదని ఆయనకు ప్రతి వారం తెలుసు. తిరిగి బచ్చన్నపేట చేరేదాకా పొడుస్తూనే ఉంటుంది కదా. తెలిసీ "జర నయం" అన్నాడు. పూర్తిగా కుదిరిందంటే మళ్లీ వారం రావడానికి పని ఉండదు.

ముక్క తీసేసి, కొత్త తోలు వేసి బిగించాను. నా బిడ్డ పరుగెత్తుకొచ్చి సీటెక్కి, కుడివైపుకు ఒరిగి కూర్చుంది.

"సక్కగ కూసో బిడ్డా. ఇగ పొడువదు" అన్నాను.

"తాత గిట్లనే కూసుంటుండె నాయినా" అంది.