మరిది రప్పించిన శబ్దం

ఆగస్టు రెండో ఆదివారం ఉదయం పదీ ఇరవైకి మా మరిది ఉక్కు కార్ఖానా పక్క బర్మామైన్స్ బస్తీలోని మా ఇంటికి వచ్చాడు. పాత కంప్యూటరును టీవీకి తగిలించి, ఇంట్లోనే సినిమా హాలు చేస్తానన్నాడు. కార్ఖానాలో మరమ్మతు పని చేసి రిటైరైన మనిషి. ఏ యంత్రం విప్పినా ముందు దాని మీద ఉఫ్‌మని ఊదేవాడు.

పదకొండున్నరకు టీవీలో బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. మూడుసార్లు విప్పాడు, మూడుసార్లు ఊదాడు.

"పాత లైను ఖాళీ సెయ్యకండా కొత్తది ఎక్కించకూడదొదినా. ప్లాంటుల అదే కాయిదా."

"అందులో మీ అన్న పాడిన పద్యాలున్నాయి బాబూ. పోయిన మనిషి గొంతు ఇంకెక్కడా లేదు. ముందు వేరేకాడ దాసు."

"ఏటీ అవ్వదు. టెన్షన్ మత్ లో, బెంగెట్టుకోకు."

డిస్కు మొత్తం తుడిచి, అన్నీ కొత్తగా ఎక్కించాడు. అప్పుడూ శబ్దం రాలేదు. ఒంటిగంటకు నేనే రిమోటు తీసి చూశాను. పొద్దున వస్తూనే వార్తల గోల పడలేక టీవీ శబ్దం ఆపింది అతనే. నేను బొత్తాం నొక్కగానే గది హోరెత్తింది.

"సూసినావా, వచ్చీసింది," అని నవ్వాడు. ఆ నవ్వును నేను ఈరోజుకీ క్షమించలేదు.

పోయినవి: పద్యాలు ముప్పై ఏడు, మధ్యలో దగ్గు రెండుచోట్ల, చివర ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది ఒక్కసారి.