తాళం వేసిన శుభ్రత

రాయచోటి నుంచి గంట ప్రయాణం మా బడి. చుట్టూ వేరుశనగ చేలు, కంపచెట్లు. అక్కడ నేను జీవశాస్త్రం చెబుతాను, మరుగుదొడ్ల ఫోటోలు తీస్తాను. ఈ రెండో పని గురించి బీఈడీలో ఎవరూ చెప్పలేదు. రోజూ పొద్దున బాలికల మరుగుదొడ్డిని ఫోటో తీసి ఫోన్లో పైవాళ్లకు పంపాలి.

మా హెడ్మాస్టరు తెలివైన మనిషి. వాడితే మురికవుతుంది, మురికైతే ఫోటో చెడుతుంది, కాబట్టి వాడనివ్వకపోతే సరి అని కనిపెట్టారు. పొద్దున్నే బడి ఊడ్చే ఆయమ్మ కడుగుతుంది, నేను ఫోటో తీస్తాను, అటెండరు తాళం వేస్తాడు. శుభ్రతలో మండలమంతా మా పేరే. ఆడపిల్లలు మాత్రం బడి వెనక కంపల్లోకి పోయేవాళ్లు. ఆడ టీచర్లం రోడ్డవతల ఆయమ్మ ఇంటికి పోయేవాళ్లం.

పిల్లలు నీళ్లు తాగడానికి రోజూ గంట కొడతాం. ఆడపిల్లలు సీసా ఎత్తి పెదాలు తడుపుకుని దించేసేవాళ్లు. మూత్రపిండాలకు నీళ్లెంత అవసరమో నేను వాళ్లకు బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని.

తొమ్మిదో తరగతిలో ఒక చురుకైన పిల్ల ఉండేది. నెలలో నాలుగైదు రోజులు అన్నం గంటకే ఇంటికి పోయేది. తర్వాత ఆ రోజుల్లో అసలు రావడమే మానేసింది. ఒకరోజు వాళ్లమ్మ వచ్చింది.

"పెద్దపిల్లయింది మేడం. కంపల్లోకి పంపాలంటే శానా భయంగా ఉండాది. ఈ యేడుతో మాన్పిస్తా."

నేను హెడ్మాస్టరుకు చెప్పాను. "తనిఖీ కానీండి మేడం, ఆనేక చూద్దాం" అన్నారు. అప్పటికి తనిఖీ అన్న మాట కూడా ఎక్కడా లేదు.

చివరికి తనిఖీ ఉందని కబురు వచ్చింది. వారం రోజులు పాఠాలు పక్కనపెట్టి మాకు రిహార్సల్స్ పెట్టారు. హెడ్మాస్టరే అధికారి వేషం కట్టి స్టాఫ్‌రూములోకి వచ్చేవారు, మేం లేచి నిలబడేవాళ్లం.

"బాలికలకు సౌకర్యాలు ఎట్లుండాయి?"

"అన్నీ ఉన్నాయి సార్."

"ఉన్నాయంటే సాలదు మేడం. నవ్వుతా చెప్పాల."

నవ్వడం కూడా నేర్చుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది, కానీ నవ్వు బాగా కుదిరింది.

తనిఖీ రోజు పొద్దున ఫోన్ వచ్చింది, వచ్చేది సారు కాదు, మేడమని. హెడ్మాస్టరు అప్పటికే మగవాళ్లకు కప్పే శాలువా తెచ్చి పెట్టుకున్నారు. వెంటనే అటెండరును మంచి చీర కోసం రాయచోటికి తరిమారు. తాళాలగుత్తి అతని మొలతాడుకే ఉంది. ఎవరడిగినా ఇవ్వొద్దని ముందురోజు హెడ్మాస్టరే గట్టిగా చెప్పారు. పాపం, అతను మాట నిలబెట్టుకున్నాడు.

చీర కంటే ముందు అధికారి వచ్చేశారు. కడప నుంచి జీపులో రెండు గంటల ప్రయాణం. రికార్డులు చూస్తూ మేమిచ్చిన మజ్జిగ రెండు గ్లాసులు తాగారు. కాసేపటికి నన్ను పక్కకు పిలిచి, వాష్‌రూమ్ ఎక్కడ అని మెల్లగా అడిగారు.

నేర్చుకున్న నవ్వు నవ్వుతూ తీసుకెళ్లాను. తలుపుకు తాళం. హెడ్మాస్టరు చెమటలు కక్కుతూ అటెండరుకు ఫోన్ చేశారు. అవతలి గొంతు మా అందరికీ వినిపించింది: "అంగట్లోనే ఉండా సార్! రంగు చూస్తాండా!"

ఆయమ్మ ఇల్లు అన్న మాట నా నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. స్వాగతానికి పూలపళ్లెం పట్టుకుని నిలబడ్డ ఆ తొమ్మిదో తరగతి పిల్ల వైపు చూశాను. పళ్లెం నా చేతికిచ్చి అది ముందుకొచ్చింది.

"మేమంతా ఆ కంపలెనకాలికి పోతాం మేడం. రాండి, నేను తోడొస్తా. ముండ్లుంటాయి, చూసుకోని నడవాల."

అధికారి తాళాన్ని చూశారు, హెడ్మాస్టరును చూశారు. ఆ పిల్ల వెంట నడిచారు. తిరిగొచ్చేసరికి ఆమె చీర అంచు ముల్లు తగిలి చిరిగి ఉంది. అప్పుడే అటెండరు కొత్త చీరతో దిగాడు. ఆమె చీర ముట్టుకోలేదు. తాళంచెవి అడిగారు.

"ఎవరికీ ఇయ్యొద్దని సారు చెప్పినాడు మేడం" అన్నాడు అటెండరు.

ఆమె తాళం తీయించి, తాళమూ చెవీ తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జీపెక్కారు.

మరుసటి నెల ఆ పిల్ల ఒక్కరోజు కూడా మానలేదు. ఫోటోల్లో మాత్రం తడి నేల మీద మట్టికాళ్ల గుర్తులు పడుతున్నాయి. శుభ్రతలో మీ బడి వెనకబడింది, కారణం తెలపండి అని పైనుంచి నాకు మెసేజ్ వచ్చింది.

పిల్లలు వాడుతున్నారు అని రాసి పంపాను.