నాలుగో చెరువు కాగితం

సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, ఈ కోత పండుగ పూట నాలాంటి కోపిష్టివాణ్ణి మైకు ముందు నిలబెట్టిన దేవునికే మహిమ! నేను మొదలుపెడితే ఒక పట్టాన ఆపనని మా మార్తమ్మ మూడో వరుసలోంచి అప్పుడే కళ్ళెర్ర చేస్తోంది, అయినా ఈ రోజు చెప్పి తీరాలి, ఎందుకంటే పోయిన ఏడు ఇదే గుడికి వస్తూనే నేను దేవుణ్ణి అడగకూడనిది అడిగాను.

కొల్లేరు చేపల చెరువుల మీద ఇరవై ఆరేళ్ళు బతికినవాణ్ణి నేను. చెరువులు లీజుకు తీసుకున్న కంపెనీకి సూపర్‌వైజరుగా ఎండనక వాననక గట్ల మీదే తిరిగాను, నీటి రంగు చూసి చేప తిన్నదో లేదో చెప్పేవాణ్ణి. అలాంటిది ఒక సోమవారం ఏలూరు ఆఫీసుకు పిలిచి, కుర్చీ వేసి, టీ ఇచ్చి, ఎంతో మర్యాదగా "డేవిడ్ గారూ, వయసు మీద పడింది కదండీ, ఇక విశ్రాంతి తీసుకోండి" అన్నారు. నాకు యాభై ఏడు! నా జీతంలో సగానికే కొత్త కుర్రాడు దొరికాడని ఆ టీ తాగడం అయ్యేలోపే అర్థమైంది. పైగా ఆ కుర్రాడికి నెల రోజులు నేనే పని నేర్పి వెళ్ళాలట. పుండు మీద కారం చల్లడమంటే అదేనండి!

కుర్రాడి పేరు ప్రవీణ్, చింతలపూడి వైపు వాడు, ఫిషరీస్ డిప్లొమా చదివాడు. మెట్టలో పుట్టాడేమో, దోనె ఎక్కితే రెండు చేతులా అంచులు పట్టుకుని కూర్చునేవాడు, నాకేమో లోపల నవ్వు. మంచివాడే, నన్ను బాబాయిగారూ అని పిలిచేవాడు, అయినా ఆ పిలుపు నా చెవికి ఎక్కలేదు. ఏ చెరువు గుణం ఎలాంటిదో నేను ఏళ్ళ తరబడి రాసుకున్న నోటుపుస్తకం అప్పగించమన్నారు. సహోదరులారా, నాలుగో చెరువు పేజీ చింపేసి మిగతా పుస్తకం ఇచ్చాను.

ఆ చెరువు ఒకప్పుడు మురుగు కాలవ. దక్షిణం మూల బురద మోకాలి లోతు ఉంటుంది. మబ్బు పట్టి గాలి ఆగిందంటే ఆ బురద కుళ్ళి చేపకు ఊపిరి అందదు, పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. మేము తవుడు సంచులకు అడుగున బెజ్జాలు పెట్టి నీళ్ళలో పాతిన కర్రలకు కడతాం, చేపలు వచ్చి ఆ బెజ్జాల దగ్గర మేస్తాయి. మేత తింటే ఊపిరి ఇంకా చాలదు కాబట్టి అలాంటి మబ్బు రోజున ఆ చెరువులో ఒక్క సంచి కూడా కట్టకూడదు, పొద్దున్నే ఇంజన్లు పెట్టి కొత్త నీళ్ళు తోడాలి. ప్రవీణ్ దగ్గరున్న ఆక్సిజన్ మీటరు గట్టు దగ్గర నీళ్ళు బాగున్నాయనే చెబుతుంది, మూల సంగతి దానికేం తెలుసు?

ఆ కాగితం ఎక్కడ దాచానో తెలుసా? నా బైబిల్లో! సిగ్గులేని మనిషిని. రోజూ దాన్ని పక్కన పెట్టుకుని మోకాళ్ళూని, "ప్రభువా, ఆ చెరువులో చేపలన్నీ తేలాలి, ఆఫీసువాళ్ళు నా గుమ్మంలోకి వచ్చి బతిమాలాలి" అని వేడుకున్నాను. అది ప్రార్థనా? శాపనార్థం!

అయితే నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల వస్తుంది కదా, మనసులో కక్ష పెట్టుకుని రొట్టె ముట్టకూడదని మన పెద్దలు నేర్పారు. అంత దుర్మార్గంలోనూ ఆ ఒక్క భయం నాకు మిగిలింది, అది దేవుని కృప. పళ్ళెం రాగానే తల వంచుకుని పక్కకు పంపాను. ఇంటికి వెళ్ళాక పంటినొప్పి అన్నాను. రెండో నెల కూడా పంటినొప్పే. మూడో నెల మార్తమ్మ, "ఏవండీ, ఆ పన్నన్నా పీకించుకోండి, లేదా నిజమన్నా చెప్పండి" అంది. రెండూ చెయ్యలేదు నేను.

నాలుగో నెల ఆ ఆదివారం మబ్బు కమ్మింది. అయ్యగారు రొట్టె విరుస్తున్నారు, నేను కిటికీలోంచి చూశాను, తాటాకు కదలడం లేదు. నాలుగు నెలలుగా నేను అడిగిన రోజు అదే, దేవుడు నా ముందు పెట్టాడు, తీసుకో అన్నట్టు! సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది. నోరు తెరిచి గాలి కోసం కొట్టుకునే చేపలు కనిపించాయి, గట్టు మీద తల పట్టుకుని కూర్చున్న ప్రవీణ్ కనిపించాడు. "ప్రభువా, నా మాట వినకు, వినకు!" అని పైకే అనేశాను, బైబిలు చంకలో పెట్టుకుని లేచి బయటికి పరుగెత్తాను. వెనక మార్తమ్మ పిలుస్తూనే ఉంది.

బండి మీద వెళ్ళేసరికి ప్రవీణ్ అప్పటికే దోనెలో నిలబడి సంచులు కడుతున్నాడు. "విప్పెయ్, విప్పెయ్!" అని అరుస్తూ ఆదివారం తెల్లబట్టలతోనే నడుం లోతు నీళ్ళలోకి దిగాను. మూలన అప్పటికే పెద్ద బొచ్చె చేపలు నోళ్ళు తెరుస్తున్నాయి. ఇద్దరం కలిసి సంచులన్నీ విప్పి ఇంజన్లు పెట్టించాం, కొత్త నీళ్ళు దూకుతుంటే చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. హల్లెలూయా!

అప్పుడు గట్టెక్కి, బండి మీద వదిలిన బైబిల్లోంచి ఆ కాగితం తీసి అందించి, నేను చేసింది చెప్పాను. ప్రవీణ్ చదువుకుని, "మొదటి రోజే చూశానండి బాబాయిగారూ, పుస్తకంలో చిరిగిన అంచు ఉంది కదండీ. ఇవ్వాలనిపిస్తే మీరే ఇస్తారని ఊరుకున్నానండి" అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "నన్నూ ఏడాదికే తీసుకున్నారండి. మళ్ళీ ఏడు ఇంకా తక్కువకు ఎవరొస్తారో" అన్నాడు. నేను పగపట్టింది ఎవరి మీద, సహోదరులారా? నాలాంటి కూలివాడి మీదే!

తిరిగి వచ్చేసరికి ఆరాధన అయిపోయింది. అయ్యగారు మాత్రం పళ్ళెం మీద గుడ్డ కప్పి నా కోసం కూర్చున్నారు. బురద బట్టలతోనే మోకాళ్ళూనాను. ఆ రోజు రొట్టె రుచి ఇంకా నా నాలుక మీద ఉంది.

కంపెనీ నన్ను మళ్ళీ పిలిచిందనుకుంటున్నారు కదూ? లేదండి! వాళ్ళు నాకు చేసింది అన్యాయమే, కాదనను. కానీ లంక ఊళ్ళ చిన్న రైతులు ఇప్పుడు నీళ్ళు చూడమని నన్ను పిలుస్తున్నారు, వాళ్ళకు నా పేరు చెప్పింది ఎవరనుకున్నారు, ప్రవీణే! కడుపు నిండుతోంది, కంటికి నిద్ర పడుతోంది. స్తోత్రం!

ఆరాధన అయ్యాక మీరు వేలం పాడబోయే ఆ రెండు బొచ్చెలూ నాలుగో చెరువువే, పొద్దున ప్రవీణ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మీ బైబిల్లో కూడా అలాంటి కాగితం ఏదైనా ఉంటే ఈ రోజే తీసి ఇచ్చెయ్యండి, నన్ను విడిపించిన దేవుడు మిమ్మల్నీ విడిపిస్తాడు, నమ్మండి. ఇక కూర్చుంటాను మార్తమ్మా, కొంచెం జరుగు. బాబూ ప్రవీణ్, అక్కడ చెప్పుల దగ్గర ఎంతసేపు నిలబడతావయ్యా, లోపలికి రా, నా పక్కన చోటుంది.