సుద్దముక్కతో నడిపిన కంప్యూటర్

మొన్న ఆదివారం మా మేనకోడలు ఎచ్చెర్ల హాస్టల్ నుంచి ఫోన్ చేసి, బయోటెక్నాలజీ వాళ్ళకి ఈ కోడింగ్ పేపరు ఎందుకు పెట్టారో అర్థం కావడం లేదని, ఎంత కుస్తీ పట్టినా ఒక్క ప్రోగ్రామూ నడవడం లేదని చాలాసేపు గోల పెట్టింది. చదువుకునే పిల్లలకి విసుగు మామూలేలే అని వింటూ ఊరుకున్నాను గానీ, చివర్లో అన్న మాటకి మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది. "అమ్మని అడుగుదామంటే, బ్యాంకులో ఎంట్రీలు కొట్టడం తప్ప అమ్మకేటి తెలుస్తాదత్తా?" అంది.

వాళ్ళమ్మ నాకు వదిన. మేనమామ కూతురు, తర్వాత మా అన్నయ్యని చేసుకుని మా ఇంటికే వచ్చింది. అంతకుముందు నా క్లాస్‌మేటు. ఇద్దరం చీపురుపల్లిలో పాసింజరు ఎక్కి విజయనగరం కాలేజీకి వెళ్ళి బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదువుకున్నాం. మేం సెకండియర్లో ఉండగా కాలేజీకి కంప్యూటర్లు వచ్చాయి. ఆ వైభోగం మన తరం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ప్రిన్సిపాల్‌గారికే లేని ఏసీ వాటికి పెట్టారు, కిటికీలకి తెరలు కట్టారు, చెప్పులు గుమ్మం బయటే విడవాలన్నారు, దసరాకి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఇంత చేసి, ఆ గదిలోకి మాథ్స్ వాళ్ళు తప్ప ఇంకెవరూ అడుగు పెట్టకూడదన్నారు.

మేం అడక్కపోలేదు. గదికి ఇన్‌చార్జిగా ఉన్న లెక్కల మాస్టారు, కప్పల్ని కోసి ఫార్మలిన్ కంపు కొట్టే చేతులతో కీబోర్డు ముట్టుకుంటే మిషన్లు పాడైపోతాయని అందరి ముందూ అన్నారు. మేం చేతులు కడుక్కోమా, ఆ చేతులతోనే అన్నం తినమా? ఆయన మాత్రం పుట్టుకతోనే కంప్యూటర్ నేర్చుకొచ్చారా ఏమిటి, ఆ ఏడాదే రెండు వారాల ట్రైనింగుకి వెళ్ళొచ్చిన మనిషి. ఇప్పుడు తలుచుకున్నా నాకు కోపం ఆగదు.

రైల్లో మాతోపాటు వచ్చే మాథ్స్ అమ్మాయి దగ్గర బేసిక్ అనే కంప్యూటర్ భాష పుస్తకం అడిగి తీసుకుని మేమే నేర్చుకోవడం మొదలుపెట్టాం. మధ్యాహ్నం జువాలజీ ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు నల్లబల్ల మీద నేను ప్రోగ్రాం రాసేదాన్ని, వదినేమో కంప్యూటర్ అయ్యేది. సుద్దముక్క పట్టుకుని బల్ల మీద గడులు గీసి, ఒక్కొక్క లైనూ చదువుతూ, ఏ గడిలో అంకె మారాలో ఆ గడి చెరిపి మళ్ళీ రాసేది, తప్పుంటే అక్కడే ఆగిపోయి "ముందుకెళ్ళను, ఇక్కడేదో తేడా ఉన్నాది, సూడు" అనేది. నేను పుస్తకం చూసి రాసేదాన్నే గానీ, తప్పెక్కడుందో పట్టే బుర్ర దానిది. అంత సరదాగా నేనింకే చదువూ చదవలేదు.

మా అవస్థ చూసి జువాలజీ మేడం ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడారు. ఆయన ఒక షరతు పెట్టారు: మేమొక ప్రోగ్రాం రాసి లెక్కల మాస్టారికి చూపించాలి, అది సరిగ్గా నడిస్తే ఆ గదిలో సాయంత్రం పూట జరిగే కోర్సులో మా గ్రూపు వాళ్ళనీ చేర్చుకుంటారు. వదిన బఠాణీ మొక్కల సంకరణం ఎంచుకుంది. పొడుగు, పొట్టి లక్షణాలు రెండూ కలిసిన మొక్కల్ని సంకరం చేస్తే వంద పిల్లమొక్కల్లో ఎన్ని పొడుగువో, ఎన్ని పొట్టివో కంప్యూటరే బొమ్మాబొరుసూ వేసుకుని లెక్కపెట్టాలి. ల్యాబ్‌లో నిజంగానే రూపాయి బిళ్ళ ఎగరేసి పరీక్షించి మరీ రాసింది.

ప్రోగ్రాం చూపించే రోజు కూడా మమ్మల్ని కీబోర్డు ముట్టనివ్వలేదు, ఒక మాథ్స్ కుర్రాడు టైపు చేశాడు. ప్రోగ్రాం ఎక్కడా ఆగకుండా నడిచింది. డెబ్బైనాలుగు పొడుగు, ఇరవైయారు పొట్టి. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాస్టారు మళ్ళీ నడపమన్నారు, ఈసారి డెబ్బైతొమ్మిది వచ్చింది, ఇంకోసారి నడిపితే డెబ్బైయొకటి. అంతే, కుర్చీ వెనక్కి తోసి లేచారు.

"లెక్కంటే ఒకటే జవాబు రావాలమ్మా. నడిపినప్పుడల్లా ఒక జవాబా?"

వదిన అప్పటిదాకా పెద్దల ముందు గొంతెత్తి ఎరగదు.

"బఠాణీలు కూడా ఏ యేడుకా యేడు వేరేగానే కాస్తాయి సార్. ఇంచుమించు నాలుగింట మూడొంతులు పొడుగొస్తే చాలు సార్."

ఆయన నవ్వారు, ఆయన్ని చూసి కుర్రాళ్ళంతా నవ్వారు. జువాలజీ మేడానికి వదిన చెప్పింది అక్షరాలా నిజమని తెలుసు, జన్యుశాస్త్రం మాకు చెప్పిందే ఆవిడ. అయినా సీనియర్ లెక్చరర్‌కి ఎదురు చెప్పలేక తల వంచుకున్నారు. నాకు తెలుసు కదా, నేనూ నోరు తెరిచాను, కానీ వినేదెవరు? ప్రోగ్రాం తప్పని ప్రిన్సిపాల్‌గారికి రాసి, మమ్మల్ని పంపేశారు. అన్యాయం కాకపోతే ఏమిటది? వదిన మళ్ళీ సుద్దముక్క పట్టుకోలేదు. తర్వాత బ్యాంకు పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది, ఇన్నేళ్ళుగా కంప్యూటర్ ముందే కూర్చుంటోంది, ఎవరో రాసిన ప్రోగ్రాంలో అంకెలు కొడుతోంది.

ఇదంతా మేనకోడలికి ఫోన్లోనే చెప్పేశాను. అది విన్నదంతా ఆ రాత్రే వాళ్ళమ్మకి చేరేసినట్టుంది. మర్నాడు పొద్దున్నే వదిన ఫోన్.

"పిల్లకి ఆ పాత గొడవంతా ఎందుకు సెప్పినావే?" అని చెడామడా తిట్టింది. తిట్టి, పెట్టేస్తుందనుకుంటే పెట్టలేదు. గొంతు తగ్గించి అడిగింది. "అది కాదుగానీ, ఆ బొమ్మాబొరుసు వేయించడానికి ఇప్పటి భాషలో ఏటి రాస్తారే?"

నాకు తెలియదు, నీ కూతుర్నే అడగమన్నాను. ఆ సాయంత్రం నుంచీ తల్లీకూతుళ్ళు వీడియో కాల్లో కూర్చుంటున్నారట. ఈ రోజుల్లో ఏ గదికీ తాళం లేదు, ఎవరి చేతులూ ఎవరూ వాసన చూడరు, సంతోషమే. కానీ అరచేతిలో ఫోను పెట్టుకుని కూడా, ప్రోగ్రాంలో అంత చిన్న అక్షరాలు కంటికి ఆనడం లేదని, పిల్లని ఒక్కొక్క లైనూ చదివి వినిపించమంటోందట మా వదిన.